దశబంధం నుంచి రెండు శాతం దాకా

రాయలసీమలో ఒకప్పుడు చెరువు కట్టించినవాడికి, లేదా పాడైన చెరువును బాగుచేయించినవాడికి, ఆ చెరువు కింద కొంత భూమి గానీ దాని శిస్తులో కొంత వాటా గానీ ఇనాంగా దక్కేది. దాన్ని దశబంధం అనేవారు. పేరును బట్టి కచ్చితంగా పదో వంతే అనుకోనక్కర్లేదు. ఊరిని బట్టి, పెట్టిన ఖర్చును బట్టి వాటా మారేది. ఒక చెక్క విడగొట్టి ఇస్తే ఖండ దశబంధం, ఆయకట్టు మొత్తం శిస్తులో భాగం ఇస్తే షామిలాత్ దశబంధం. రెండింటికీ షరతు ఒకటే: చెరువును కాపాడినంత కాలమే ఇనాం. గండి పడితే పూడ్చాలి, తూము పాడైతే బాగుచేయించాలి. ఆ పని మానేస్తే ఇనాం మీద హక్కూ పోతుంది.

కంపెనీల సామాజిక బాధ్యత గురించి రాసేవాళ్ళు మామూలుగా జంషెడ్‌పూర్‌తోనో అమెరికా పుస్తకాలతోనో మొదలుపెడతారు. ఉమ్మడి అనంతపురం జిల్లా విషయంలో అంత దూరం పోనక్కర్లేదు. సొత్తు ఉన్నవాడు ఊరికి ఏం బాకీ అన్న ప్రశ్న ఇక్కడ ఆరు వందల ఏళ్ళకు పైగా నీళ్ళ చుట్టూ నలుగుతూనే ఉంది. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు దాటి వచ్చేసరికి చాలావరకు ఖాళీ అవుతుంది. ఈశాన్య రుతుపవనం తీరం వదిలి ఇంత లోపలికి చేరేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడదు. ఇలాంటి నేల మీద ఎవరు ఎంత దానం చేశారన్నదాని కంటే ఎవరు దేన్ని ఎంతకాలం నిలబెట్టారన్నదే పనికొచ్చే కొలత అని నా అభిప్రాయం.

ఆనాటి ఆలోచన ఎలా ఉండేదో తెలియాలంటే పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చూడాలి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం అది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెబుతుంది. దానికంటే విలువైనవి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తగలకూడని ఆరు దోషాలు. ధర్మబుద్ధీ సంపదా ఉన్న ప్రభువు మొదటి అంగమైతే, నీటి శాస్త్రం తెలిసినవాడు రెండోది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం దోషాలు. వీటి సరసనే ఇంకొక దోషం ఉంది: రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండకూడదు. మిగతావన్నీ ఇంజనీరు చెప్పేవి, ఇదొక్కటీ పాలకుడు చెప్పేది. ఎవరి ఏలుబడిలో ఉందో తేలని సొత్తుకు పూచీపడేవాడూ తేలడని వాళ్ళకు అనుభవం మీద తెలిసి ఉండాలి. ఓబుళాపురం దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాటతో మనకు పని పడుతుంది.

అనంతపురం పట్టణం పుట్టిందే చెరువు కట్ట పక్కన. బుక్కరాయల కొలువులోని చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగుకు అడ్డంగా చెరువు కట్టించాడనీ, కట్ట కొసల్లో అనంతసాగరం, బుక్కరాయసముద్రం వెలిశాయనీ స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ చెరువుకు గండి పడబోయినప్పుడు బుక్కరాయసముద్రం కోడలు ముసలమ్మ తన ప్రాణం బలి ఇచ్చిందన్న కథను 19వ శతాబ్దం చివర కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యంగా రాశాడు. సాహిత్య విద్యార్థులు దాన్ని కరుణరసం కోసం చదువుతారు. చరిత్ర చదివేవాడికి అందులో ఇంకో సంగతి కూడా తగులుతుంది. ఏలినవాళ్ళ పేర్లు ఊళ్ళకు నిలిచాయి, కట్ట తెగబోయిన నాడు మూల్యం చెల్లించింది మాత్రం ఆస్తి మీద హక్కు లేని ఇంటి కోడలు. పోరుమామిళ్ళ శాసనంలోని వెయ్యి మంది కూడా అంకెగానే మిగిలారు. తూము ఎత్తి దించి మడి మడికీ నీళ్ళు పారించిన నీరుగంట్లు చాలా ఊళ్ళలో దళితులే, ఆయకట్టు భూములు మాత్రం ఎక్కువగా ఇతరులవి. దశబంధాన్ని మెచ్చుకునేవాళ్ళు, నాతో సహా, ఈ సంగతి మరిచిపోకూడదు. ఆ ఏర్పాటులో న్యాయం ఎంత ఉందో చెప్పలేం గానీ పూచీ మాత్రం గట్టిగా ఉంది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలన్న పేరు అప్పటిదే. ప్రిన్సిపల్ కలెక్టరుగా ఏడేళ్ళు పనిచేసిన థామస్ మన్రో, చెరువుకు అనువైన తావులన్నిటా ఇదివరకే చెరువులు ఉన్నాయనీ, కొత్తవి కట్టడం వల్ల ప్రయోజనం తక్కువనీ తేల్చాడు. మనం పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ సీమను ఏలిన తొలి ఆధునిక వ్యాపార సంస్థ ఈస్టిండియా కంపెనీయే. శిస్తు కట్టించుకునే దివాణమూ తానే, లండన్‌లో వాటాదారులకు లాభం పంచే వర్తకుడూ తానే. 1858లో కంపెనీ పాలన పోయింది. ఆ ఏడాది చివర ఏర్పడిన ఇనాం కమిషన్ దశబంధాలను గుర్తించి, పని బాగున్నంత కాలం సాగనివ్వాలన్న పాత షరతును అలాగే ఉంచింది. కానీ షరతు అమలు చూసేవాడు ఊళ్ళో నుంచి కచేరీకి మారాడు. ఇనాం భూమి తరతరానికీ అన్నదమ్ముల మధ్య పంపకాలై చీలిపోతుంటే, కట్టకు మట్టి ఎవరు వేయాలో తేల్చడం కష్టమైంది. 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చాక అలాంటి ఏర్పాటుకు చట్టంలోనే చోటు లేకపోయింది.

ఈలోగా ధాత కరువు వచ్చింది. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా సాగింది. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం; వేరు జిల్లా అయింది 1882లో. గుత్తి, గుంతకల్లు మీదుగా మద్రాసు రైలు నడవడం మొదలై ఐదేళ్ళే అయింది. ధాన్యం వ్యాపారంలో జోక్యం చేసుకోకూడదన్నది సర్కారు సిద్ధాంతం. వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాంతో పాటు కాస్త చిల్లర చాలన్నాడు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. 1877 ఆగస్టులో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పిలుపు మేరకు లండన్‌లో మాన్షన్ హౌస్ నిధి తెరిచారు. ఆ సొమ్ములో కొంత పోయిన ఎద్దుల స్థానంలో ఎద్దులు కొనడానికి, విత్తనాలకు, బట్టలకు, కూలిన ఇళ్ళకు కప్పు వేయడానికి వెళ్ళింది. దాతల మనసును శంకించనక్కర్లేదు. అయితే అదే కాలంలో వర్తకుల గిడ్డంగుల్లో ధాన్యం ఉంటే, దాన్ని ధర పలికే చోటికి తరలించుకునే స్వేచ్ఛకు సర్కారే కావలి కాసింది. ఒక చేత్తో వ్యాపారానికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చి, రెండో చేత్తో దాని నష్టాన్ని విరాళంతో పూడ్చే పద్ధతి ఈ నేల మీదికి అప్పుడే వచ్చింది. అంతకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, అప్పటి కర్నూలు జిల్లా ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. జనం ఆయన మీద పాట కట్టుకున్నారు. సిద్ధాంతం పేరుతో కరువు కూలీ తగ్గించినవాడి మీద జనం పాట కట్టడం ఎక్కడా వినలేదు.

వర్తకుల ధర్మం గురించీ ఒక మాట చెప్పాలి. మండీల్లో రైతు తెచ్చిన బస్తాకు ఇంత అని గుడికో సత్రానికో పశువుల దొడ్డికో ‘ధర్మం’ పేరిట కోత పడేది. సత్రం గోడ మీద శెట్టి పేరు ఉంటుంది, డబ్బు రైతు తూకంలోది. 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ ఇలాంటి కోతలను తప్పుపట్టింది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది, అందులో వేరుశనగా ఉంది. ధర్మం చేసేవాడు ఎవరి సొత్తుతో చేస్తున్నాడన్న ప్రశ్నకు చట్టం జవాబు చెప్పడానికి అంతకాలం పట్టింది. దానం చేసినవాళ్ళందరూ ఇలాగే చేశారని నేననను. అనంతపురం, హిందూపురం, తాడిపత్రిల్లో వర్తకులు సొంత డబ్బుతో కట్టించిన సత్రాలు, తవ్వించిన బావులు చాలా ఉన్నాయి.

ఎవరి సొత్తుతో ధర్మం అన్న ప్రశ్న విన్నప్పుడల్లా లేపాక్షి గుర్తుకొస్తుంది. పెనుకొండలో విజయనగర కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, రాజు ఊళ్ళో లేనప్పుడు ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడనీ, అచ్యుతరాయలు కళ్ళు పీకించమంటే తానే పీక్కుని గోడకు కొట్టాడనీ జనశ్రుతి. కల్యాణమండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. కథ నిజమని నేను నమ్మను. కానీ 1970 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వేసిన ఆక్షేపణ సారం ఇదే. కంపెనీ మేనేజరు వాటాదారుల డబ్బుతో పుణ్యకార్యాలు చేస్తే అది ఇతరుల సొమ్మును వాళ్ళ అనుమతి లేకుండా ఖర్చు చేయడమేనని ఆయన వాదం. 1953లోనే హోవార్డ్ బోవెన్ వ్యాపారుల సామాజిక బాధ్యతల మీద పుస్తకం రాసి రెండో వైపు వాదన మొదలుపెట్టాడు. గాంధీ ధర్మకర్తృత్వ సిద్ధాంతం ఇద్దరికంటే ముందుది, ఇద్దరికంటే కఠినమైనది. సంపన్నుడు తన సొత్తుకు యజమాని కాడు, సమాజం తరఫున ధర్మకర్త మాత్రమే అంటుంది. చిక్కేమిటంటే ధర్మకర్త తప్పు చేస్తే ఏం చేయాలన్నదానికి గాంధీ దగ్గర మనస్సాక్షిని మించిన బలమైన ఏర్పాటు లేదు. దశబంధంలో ఉంది, ఇనాం రద్దు.

అలాంటి పూచీ లేకపోతే ఏం మిగులుతుందో జిల్లాలోని రామగిరి బంగారు గనుల కథ క్లుప్తంగా చెబుతుంది. 20వ శతాబ్దం తొలి పాతికేళ్ళలో కోలారు గనులు నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడా తవ్వించింది. రాబడి తగ్గాక మూసేసింది. తర్వాత ప్రభుత్వరంగ భారత్ గోల్డ్ మైన్స్ మళ్ళీ తెరిచి, 2001లో మూసింది. రెండుసార్లూ బంగారం బయటికి వెళ్ళింది, గోతులూ పిండిరాతి గుట్టలూ ఊరికి మిగిలాయి. విదేశీ కంపెనీ, స్వదేశీ ప్రభుత్వ సంస్థ అన్న తేడా ఆ గుట్టల మీద కనిపించదు.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చాడు. స్పెయిన్‌కు చెందిన జెసూట్ సన్యాసి. మహారాష్ట్రలో మన్మాడ్ ప్రాంతంలో రైతులకు బావుల కోసం పనిచేసి, అక్కడ పెద్దలకు కంటగింపై, 1968లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చినవాడు. తిరిగి వచ్చాక, జెసూట్ సంఘం వదిలి, ఆన్ పెర్రీని పెళ్ళాడి గ్రామీణాభివృద్ధి సంస్థను, జనం పిలిచే ఆర్డీటీని, నిర్మించాడు. 2009 జూన్‌లో చనిపోయేదాకా ఈ జిల్లాలోనే ఉన్నాడు. ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, చెక్‌డ్యాములు: పని చిట్టా పెద్దది. కట్టించిన ఇళ్ళను ఇంటి ఆడవాళ్ళ పేరిట రిజిస్టరు చేయించడం వాటిలో నాకు అన్నిటికంటే దూరదృష్టిగా తోస్తుంది. ముసలమ్మ కథ నడిచిన నేల కదా. ఈ పనికి వెన్నెముక కంపెనీల డబ్బు కాదు, స్పెయిన్‌లో నెలనెలా కొద్ది మొత్తం పంపే మామూలు కుటుంబాలు. 2025లో విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడినప్పుడు జిల్లా అంతటా జనం రోడ్డెక్కారు. ఆ గొడవలో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. ఈ జిల్లా గాలితో, ఎండతో, సున్నపురాయితో, ఇనుముతో లాభం పొందిన సంస్థలు ఇన్ని ఉండగా, పేదవాడి ఇంటి కప్పు బార్సిలోనా మీద ఎందుకు ఆధారపడాలి?

నీళ్ళ విషయంలో ఈ శతాబ్దానికి కొంచెం ముందు జరిగిన పెద్ద పని పుట్టపర్తిది. జిల్లాలో బోర్లు లోతు పెరిగేకొద్దీ ఫ్లోరైడూ పెరిగింది. చిన్న వయసుకే నడుము వంగినవాళ్ళు చాలా ఊళ్ళలో కనిపించేవారు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు తన డబ్బుతో 731 గ్రామాలకు మంచినీటి పథకం చేపట్టింది. పని చేసింది లార్సెన్ అండ్ టూబ్రో. పెన్న, చిత్రావతి ఇసుకలో ఊటబావులు, తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నింపే వేసవి నిల్వ చెరువులు, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నుంచి శుద్ధిచేసి పంపే గొట్టాలు: మూడు రకాల నేలకు మూడు పద్ధతులు. 1999 నవంబరులో తపాలా శాఖ స్టాంపు కూడా విడుదల చేసింది. ప్రభుత్వాలు దశాబ్దాలుగా సర్వేలతో సరిపెట్టిన పనిని ఒక ప్రైవేటు ట్రస్టు రెండు మూడేళ్ళలో చేసి చూపింది. ఇందులో కంపెనీ పాత్ర కూలి తీసుకుని పని చేసినవాడిదే అయినా, పనిలో నాణ్యత కూడా వ్యాపార ధర్మమే కదా.

కట్టాక ట్రస్టు పథకాన్ని ప్రభుత్వానికి అప్పగించింది. అక్కడి నుంచి కథ దశబంధం వైపు తిరుగుతుంది. పంపులు నడిపేవాళ్ళు, వాల్వులు తిప్పేవాళ్ళు, లీకులు అతికేవాళ్ళు కాంట్రాక్టు కార్మికులు. జీతాల బకాయిల మీద వాళ్ళు సమ్మెకు దిగడం, వందల ఊళ్ళకు నీళ్ళు ఆగడం జిల్లా పత్రికల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే వార్త. సమ్మె రోజున ఊళ్ళో ట్యాంకు కింద ప్లాస్టిక్ బిందెలు వరుస కడతాయి, వాటర్ ప్లాంటు దగ్గర ఇరవై లీటర్ల క్యాన్లు అమ్ముడవుతాయి. కట్టించిన దాతను తప్పుపట్టడం అన్యాయం. కట్టడానికి దాత దొరికినంత తేలిగ్గా నడపడానికి దాత దొరకడు, అంతే. పేరు మొదటిదానికి వస్తుంది, రెండోదానికి కరెంటు బిల్లు వస్తుంది.

ఇక ఓబుళాపురం. డి.హీరేహాళ్ మండలంలో, ఆంధ్ర కర్ణాటక సరిహద్దు మీద ఇనుప ఖనిజం కొండలు. చైనా కొనుగోళ్ళతో 2000ల తొలి ఏళ్ళలో ధర ఎగబాకినప్పుడు గాలి జనార్దన రెడ్డికి చెందిన ఓబుళాపురం మైనింగ్ కంపెనీ ఇక్కడ విస్తరించింది. లీజు హద్దులు, అటవీ భూమి, చివరికి రెండు రాష్ట్రాల సరిహద్దు గుర్తులే వివాదంలో పడ్డాయి. సరిహద్దు కొండ మీది పాత సుగ్గలమ్మ గుడిని పేల్చేశారన్న ఆరోపణ జనాన్ని బాగా కదిలించింది. 2009 జూన్‌లో జనార్దన రెడ్డి తిరుమల వేంకటేశ్వరుడికి సుమారు 42 కోట్ల రూపాయల విలువైన వజ్ర కిరీటం సమర్పించాడు. ఆ ఏడాది చివర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్రమ తవ్వకాల కేసును సీబీఐకి ఇచ్చింది. 2011 సెప్టెంబరు 5న జనార్దన రెడ్డి అరెస్టు జరిగింది. కిరీటం తిరిగి ఇచ్చేయాలన్న డిమాండ్లూ అప్పుడే లేచాయి. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. తర్వాత హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపింది, అప్పీలు దారి అప్పీలుది.

కోర్టులు తేల్చేది నేరం. చరిత్రకారుడికి కావలసింది ఆ ఏళ్ళ నైతిక వాతావరణం. భక్తితో ఇచ్చినదాన్ని నేను వెక్కిరించను. కానీ కొండ పోయిన చోటు హీరేహాళ్, కిరీటం చేరిన చోటు తిరుమల. ఎర్రదుమ్ము పంట మీద పడ్డ రైతుకూ, లారీల రోడ్డు పక్క బడికి వెళ్ళే పిల్లకూ ఆ కిరీటంతో సంబంధం లేదు. తీసుకున్నది ఒకరి దగ్గర, ఇచ్చింది ఇంకొకరికి. దశబంధంలో ఇది సాధ్యం కాదు, ఇనాం దొరికేదే ఆ చెరువు కింద. రెండు రాజ్యాల పొలిమేర దోషమన్న శాసనం రాసినవాళ్ళు సర్వే రాళ్ళ మీద ఈ తగాదా చూసి ఉంటే ఆశ్చర్యపోయి ఉండరు.

కంపెనీల సామాజిక బాధ్యత, అంటే సీఎస్ఆర్, చట్టమైన కాలమూ ఇదే. 2010లో యశ్వంత్ సిన్హా అధ్యక్షతన పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తప్పనిసరి చేయాలని గట్టిగా కోరింది. 2013 ఆగస్టులో కంపెనీల చట్టం ఆమోదం పొందింది, 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. మొదట్లో, పెట్టకపోతే కారణం చెబితే సరిపోయేది. 2021 జనవరి నుంచి మిగిలిన డబ్బును ప్రత్యేక ఖాతాకో నిర్దేశిత నిధికో మళ్ళించడం తప్పనిసరైంది. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం అంటుంది, బలవంతం చేయదు.

మంచి చట్టమే. ఫ్రీడ్‌మన్ ఆక్షేపణకు ఇది సమాధానం కూడా, ఎందుకంటే ఇప్పుడు మేనేజరు పరాయి సొమ్ముతో పుణ్యం చేయడం లేదు, పార్లమెంటు చెప్పిన పని చేస్తున్నాడు. కానీ ఇది లాభం వచ్చాక మొదలయ్యే బాధ్యత. లాభం ఎలా వచ్చిందన్నదాన్ని ఈ సెక్షను అడగదు.

అలా అడగకపోతే ఏమవుతుందో కల్పవల్లిలో కనిపించింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్ళతో కలిసి కల్పవల్లి అని పిలిచే వేల ఎకరాల బోడికొండలను రెండు దశాబ్దాల పాటు కాపాడింది. నిప్పు పడకుండా చూశారు, విత్తనాలు చల్లారు, గడ్డి మొలిచింది, ఈత చెట్లు వచ్చాయి, కింది చెరువుల్లో నీరు నిలిచింది. రెవెన్యూ పుస్తకాల్లో మాత్రం అది బంజరే. 2010 ప్రాంతంలో అక్కడికి ఎనర్కాన్ గాలిమరలు వచ్చాయి. గాలి విద్యుత్ ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా అక్కర్లేదని 2006 నోటిఫికేషన్ కింద ఉన్న వెసులుబాటు. మర రెక్క ఒక్కొక్కటీ మామూలు లారీ కంటే చాలా పొడవు. దాన్ని కొండ ఎక్కించాలంటే ఇరుకు మలుపుల్లేని వెడల్పు రోడ్డు కావాలి. రోడ్డు కోసం కొండ అంచును చెక్కి ఆ మట్టిని లోయలోకి తోశారు. మట్టి వాగుల్ని పూడ్చింది, వాగుల నీరు చెరువులకు చేరడం తగ్గింది, కురుబ కాపరుల మేత దారులు తెగాయి. వ్యవహారం చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ ప్రాజెక్టు క్యోటో ఒప్పందం కింద శుభ్రమైన అభివృద్ధిగా నమోదైనది కూడా. కర్బనం లెక్కలో అది పుణ్యమే. వాగు లెక్క రాసుకున్నవాడు లేడు.

గాలిమరల కంపెనీ తర్వాత బడికి బెంచీలు ఇవ్వవచ్చు, వైద్య శిబిరం పెట్టవచ్చు, అవన్నీ రెండు శాతంలో చక్కగా సరిపోతాయి. రోడ్డు వేసేటప్పుడు వాగుకు మోరీ కట్టడం మాత్రం అందులోకి రాదు, అది వ్యాపారం ఖర్చు. నైతికంగా మొదటి బాధ్యత మోరీదే. బెంచీలు ఆ తర్వాత.

కార్ల కంపెనీ కియా దగ్గర ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, పెనుకొండ మండలం ఎర్రమంచిలో 500 ఎకరాలకు పైగా భూమి, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్. కరువు జిల్లాకు కార్ల ఫ్యాక్టరీ రావడం చిన్న సంగతి కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే పర్యావరణవాదులతో నాకు పేచీ ఉంది. బెంగుళూరుకు వలసపోయే కుర్రవాడికి ఇంటి దగ్గర షిఫ్టు పని దొరకడం కూడా ధర్మమే. కానీ ఫ్యాక్టరీ రావడానికి ముందు గొల్లపల్లి రిజర్వాయరు నిండాలి. అది నిండింది హంద్రీ నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీటితో. ఆ కాలువ కోసం సీమ రైతులు దశాబ్దాల పాటు ఊరేగింపులు, పాదయాత్రలు చేశారు, కాలువ కింద పొలాలు పోగొట్టుకున్నారు. కంపెనీ పెట్టుబడి లెక్కలో ఆ పెట్టుబడి లేదు. పన్ను కడుతున్నాం, నీటి చార్జీలు కడుతున్నాం అని కంపెనీలు అంటాయి, అది నిజమే. విజయనగరంలో చెరువు కట్టించినవాడూ మిగతా భూమికి శిస్తు కట్టేవాడు. ఆ శిస్తు కట్టినంత మాత్రాన దశబంధం కింద ఉన్న చెరువు పూచీ తీరిపోయేది కాదు.

ఈ రోజుల్లో దశబంధానికి దగ్గరి చుట్టం ఏదైనా ఉంటే అది సీఎస్ఆర్ కాదు, జిల్లా ఖనిజ నిధి. 2015 గనుల చట్ట సవరణతో వచ్చింది. వేలంలో పొందిన లీజుల వాళ్ళు రాయల్టీలో పదో వంతు, పాత లీజుల వాళ్ళు 30 శాతం, గనుల వల్ల నష్టపోయిన ప్రాంతానికి కట్టాలి. లాభం వచ్చినా రాకున్నా, తవ్వినదాన్ని బట్టి బాకీ. పదో వంతు అన్నది యాదృచ్ఛికమే కావచ్చు. తాడిపత్రి సున్నపురాయికి ఇది వర్తిస్తుంది, హీరేహాళ్ ఇనుముకు వర్తిస్తుంది. కల్పవల్లి కొండల మీది గాలికి, ఎన్.పి.కుంట సౌర విద్యుత్ పార్కు పలకల కింది భూమికి ఇలాంటి బాకీ ఏదీ చట్టంలో లేదు.

సీఎస్ఆర్ నియమాల్లో దశబంధం లాంటి దీర్ఘకాలపు పూచీకి అడ్డుపడే నిబంధన ఒకటి ఉంది. కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మూడేళ్ళకు మించనిది అని 2021 సవరణ నిర్వచించింది. కంపెనీ ఏటా నింపే పట్టికలో ప్రాజెక్టు పేరు, స్థానికమా కాదా, జిల్లా, ఖర్చు, నేరుగానా వేరే సంస్థ ద్వారానా అన్న గళ్ళు ఉంటాయి. కట్టిన ఆస్తి ఎవరి పేరిట రిజిస్టరైందో కూడా అడుగుతారు. దాన్ని ఎవరు బాగుచేస్తారో అడగరు. గాలిమరల భూమి లీజు ఇరవై ఏళ్ళకు పైబడిన మాట, కార్ల ఫ్యాక్టరీ అంతకంటే దీర్ఘకాలపు మాట. ప్రభుత్వం భూమీ నీళ్ళూ ఇచ్చేటప్పుడు రాసుకునే ఒప్పందంలోనే, ఆ కంపెనీ నీడలో ఉన్న ఫలానా చెరువు, దాని వాగులు, దాని తూము లీజు ఉన్నంత కాలం కంపెనీ పూచీ అని ఒక షరతు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. బుక్కపట్నం, సింగనమల, ధర్మవరం చెరువులతో మొదలుపెట్టవచ్చు. వాటి కింద ఆయకట్టు రైతు సంఘాలు ఉన్నాయి, షరతు తప్పితే చెప్పడానికి ఊళ్ళో మనిషి ఉంటాడు.